రథం ఎక్కనన్న మాట

ఛత్రినాకలో వేసవి సెలవులు వచ్చాయంటే బళ్లు మాట్లాడుకోవడం మొదలవుతుంది. శ్రీశైలానికో, యాదగిరిగుట్టకో, వేములవాడకో, మొక్కు ఎక్కడుంటే అక్కడికి పది పన్నెండు మంది పట్టే టెంపో కుదుర్చుకుని తెల్లవారుజామున బయల్దేరడం పాతబస్తీ తెలుగు కుటుంబాలకు అలవాటైన పని. లాల్‌దర్వాజకూ ఉప్పుగూడ స్టేషన్‌కూ నడుమనున్న ఈ ఇరుకు సందుల్లో కుక్కను పెంచుకునే ఇళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. ఎప్పుడో పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న పొమేరియన్‌కు ఇవాళ కళ్లలో పొర వచ్చి ఉంటుంది, మెట్టు దిగాలంటే కాళ్లు వణుకుతుంటాయి. దాన్ని టెంపో ఎక్కించాలా, ఇంట్లో ఉంచి వెళ్లాలా? అమెరికాలో పడకా వంటగదీ ఉన్న ఆర్‌వీ బండిని అద్దెకు తీసుకుని తిరిగే తెలుగువాళ్లకూ ఇదే సందేహం వస్తుంది. బండి మారింది తప్ప ప్రశ్న మారలేదు. మామూలుగా దీన్ని సీట్ల లెక్క తేల్చేస్తుంది. చోటుంటే వస్తుంది, లేకపోతే పక్కింటివాళ్ల చేతికి తాళంచెవి వెళ్తుంది. ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అంటే నవ్వేవాళ్లుంటారు. అయితే మన దగ్గరున్న గ్రంథాల్లో అన్నిటికన్నా పెద్దది తన ధర్మరాజుకు చివరికి పెట్టిన పరీక్షల్లో ఒకటి అచ్చంగా ఈ ప్రశ్న మీదే పెట్టింది.

భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందంటే పెద్ద అతిశయోక్తి కాదు. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తున్నచోటికి సరమ అనే దేవలోకపు కుక్క కొడుకు వస్తే, ఏ తప్పూ చేయని ఆ కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు కొడతారు. తల్లి వచ్చి నిలదీస్తే ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఊహించని భయం మీదపడుతుందని ఆమె శపించి వెళ్తుంది. నన్నయ ఈ కథను తెలుగులోకి తెచ్చాడు. రెండు శతాబ్దాల తర్వాత తిక్కన మహాప్రస్థానిక పర్వం దాకా వచ్చేసరికి, హస్తినాపురం విడిచిన పాండవుల వెనక ఒక కుక్క నడుస్తూ ఉంటుంది. సాగనంపడానికి వచ్చిన పురజనం వెనక్కి తిరిగిపోయారు, కుక్క పోలేదు. ద్రౌపది పడిపోయింది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఒకరి వెనక ఒకరు కూలిపోయారు. మిగిలింది ధర్మరాజూ కుక్కా. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు, కుక్కను మాత్రం వదిలేయమంటాడు. కుక్కలున్నవాళ్లకు స్వర్గంలో చోటులేదని, వాళ్ల పుణ్యాన్ని క్రోధవశులనే గణాలు ఎత్తుకుపోతాయని భయపెడతాడు. భక్తితో వెంట వచ్చినదాన్ని విడిచిపెట్టడం బ్రహ్మహత్యతో సమానమని ధర్మరాజు జవాబు.

ఈ ఘట్టాన్ని మనం ఒకే తీరుగా చెప్పుకుంటాం: ధర్మరాజు కుక్కను వెంట తీసుకుపోయాడు, కాబట్టి మనమూ తీసుకుపోవాలి. పెంపుడు కుక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఈ పాఠం తీయగా ఉంటుంది కూడా. నాకు మాత్రం ఇందులో ఒక పొరపాటు కనిపిస్తుంది. ధర్మరాజు కుక్కను రథంలోకి ఎత్తి కూర్చోబెట్టలేదు. అది రాకపోతే నేనూ ఎక్కనన్నాడు. ఆ క్షణంలో పణంగా పెట్టింది కుక్కను కాదు, తన ప్రయాణాన్ని. రాజ్యం వదిలి, నార చీరలు కట్టి, తమ్ముళ్లను దారిలో పోగొట్టుకుని ఏ చోటికోసం నడిచాడో ఆ చోటు గుమ్మం దాకా వచ్చి, అక్కర్లేదంటున్నాడు. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ప్రయాణం ముందే ఖాయమైపోతుంది, బండికి బయానా ఇచ్చేస్తారు, చుట్టాలకు ఫోన్లు వెళ్లిపోతాయి. ఆ తర్వాతే కుక్క సంగతి చర్చకు వస్తుంది. తీసుకెళ్దామన్నా వదిలేద్దామన్నా అప్పటికే సర్దుకోవలసిన భారమంతా ముసలి ప్రాణి మీద పడిపోయి ఉంటుంది. ప్రయాణాన్ని మానుకోవడానికీ, మార్చుకోవడానికీ మనసులో చోటున్నవాడికి మాత్రమే కుక్కను తీసుకెళ్లాలా వద్దా అన్న నిర్ణయం నిజాయితీగా చేయడం సాధ్యమవుతుందని నా వాదన.

ఆ కుక్క యమధర్మరాజే కదా, అందుకే కథ అలా నడిచిందని ఒక అభ్యంతరం వినిపిస్తుంది. నిజమే, కానీ ఆ సంగతి కథ విన్నవాళ్లకు తెలుసు, ధర్మరాజుకు తెలియదు. దేవుడని తెలిసి చేసిన మర్యాదైతే అది పరీక్షే అయ్యేది కాదు. రెండో అభ్యంతరం ఇంద్రుడిదే, ఇంతకన్నా పదునైనది: తోడబుట్టినవాళ్లనూ, కట్టుకున్న భార్యనూ దారిలో వదిలి వచ్చినవాడివి, ఈ కుక్కను వదలడానికి ఏమొచ్చింది? ధర్మరాజు ఇచ్చిన సమాధానం మన ప్రశ్నకు తాళంచెవి లాంటిది. వాళ్లు చనిపోయారు, బతికించడం నా వల్ల కాదు, బతికి ఉండగా వాళ్లను వదల్లేదు అంటాడు. అంటే రక్తసంబంధమూ కాదు, జాతీ కాదు, మన చేతిలో ఇంకా ఏమైనా ఉందా లేదా అన్నదాన్ని బట్టి బాధ్యత నిలుస్తుంది. ముసలి కుక్క విషయంలో మన చేతిలో ఉన్నది చాలా ఎక్కువ. దాని తిండి, నీళ్లు, మందు, తలుపు గడియ, అన్నీ మనవే. కనీసం 15 వేల ఏళ్లుగా మనిషి చుట్టూ తిరిగి, మనిషి మీద ఆధారపడేలా మనమే మలిచిన జాతి అది. పన్నెండో ఏట నీ దారి నువ్వు చూసుకో అంటే దానికి దారే లేదు.

ఇంకొక తేడా కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. భారతంలోని కుక్క తన కాళ్లతో తాను నడిచి వచ్చింది. ఆగాలనుకుంటే ఆగిపోయేది. మన కుక్క సీటు కింద బుట్టలో వస్తుంది. దాని సమ్మతి మనం ఊహించుకున్నదే. బండి తలుపు తెరవగానే తోక ఊపిందంటే శ్రీశైలం రావడానికి ఒప్పుకుందని అర్థం కాదు, మనం దగ్గరికి వచ్చామని సంతోషపడింది, అంతే. కాబట్టి దాని తరఫున దాని ఒంటినే అడగాలి. కుక్కకు పాదాల్లో తప్ప చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికి చల్లబడే దారి. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్; అది 105 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. గుండె బలహీనపడిన, కిడ్నీలు మందగించిన ముసలి కుక్క ఆ గీత దగ్గరికి తొందరగా చేరుతుంది. పొమేరియన్ లాంటి చిన్న జాతుల్లో వయసు మీదపడ్డాక గొంతుగొట్టం మెత్తబడి కుంచించుకుపోయే జబ్బు ఎక్కువ. ఆయాసపడిన ప్రతిసారీ దగ్గు తెర వస్తుంది. లాబ్రడార్ లాంటి పెద్ద జాతులు ఏడెనిమిదేళ్లకే వృద్ధాప్యంలోకి అడుగుపెడతాయి, నడుం కీళ్లు పట్టేస్తాయి. కొన్నిటికి మతిమరుపు కూడా వస్తుంది. పగలు నిద్రపోయి రాత్రంతా గది మూలల్లో తిరుగుతాయి, తెలిసిన గుమ్మం దగ్గరే దారి తప్పుతాయి.

ఇప్పుడు ఆ ఒంటిని శ్రీశైలం రోడ్డు మీద పెట్టి చూడండి. చాంద్రాయణగుట్ట దాటి, పహాడీ షరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్, కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు చేరాక నల్లమల ఘాట్ మలుపులు మొదలవుతాయి. మొత్తం 200 కిలోమీటర్ల పైమాటే. రాత్రి తొమ్మిదికి అటవీ శాఖ గేట్లు వేస్తుంది, ఉదయం ఆరుకు గానీ తీయదు; అందువల్ల ప్రయాణంలో చాలా భాగం పగటిపూటే, అంటే మే నెలలో అయితే 40 డిగ్రీల ఎండలోనే. గంట గంటకూ ఆపి నీళ్లు పట్టాలన్నా, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కుక్కను కిందికి దించడం తప్పు. ఊరి కుక్కల జబ్బులు అడవి జంతువులకు అంటుకోవడం చిన్న సంగతి కాదు. గుడి చేరాక ఏమవుతుంది? కుక్కకు లోపలికి ప్రవేశం లేదు. దర్శనం రెండు గంటలో నాలుగు గంటలో. అంతసేపూ అది బండిలో. ఎండలో ఆపిన కారు లోపల గంట తిరిగేసరికి సగటున 22 సెంటీగ్రేడ్ డిగ్రీల వేడి పెరుగుతుందని, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగిపోతుందని 2005లో అమెరికా పరిశోధకులు కొలిచి చెప్పారు. అద్దం రెండు వేళ్లు దించితే సరిపోతుందన్న మన నమ్మకాన్ని కూడా వాళ్లు పరీక్షించారు, పెద్ద తేడా రాలేదు. రైలు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం దొరికితే సరేసరి, లేదంటే గార్డు పెట్టెలో ఒంటరిగా రాత్రంతా ప్రయాణం. వదిలి వెళ్లడం పాపమని వెంట తీసుకెళ్లినవాడు చివరికి దాన్ని వదిలింది బండిలో.

గుడిలోకి కుక్కను రానివ్వకపోవడం అన్యాయం కదా అని కొందరు వాదనను అటు తిప్పుతారు. కాలభైరవుడి వాహనం కుక్క, దత్తాత్రేయుడి చుట్టూ నిలబడిన నాలుగు కుక్కలు నాలుగు వేదాలని చెబుతారు, కాశీలో శంకరాచార్యులకు ఎదురైన చండాలుడు కుక్కలతోనే వచ్చాడు, పండితుడు ఆవులోనూ కుక్కలోనూ సమంగా చూస్తాడని గీత చెబుతుంది. అన్నీ నిజమే. 2022లో కేదార్‌నాథ్‌కు ఒకాయన తన హస్కీని మోసుకెళ్లి, దాని కాళ్లతో నందిని తాకించి, బొట్టు పెట్టించినప్పుడు ఆలయ కమిటీ ఫిర్యాదు చేసింది. దేశమంతా రెండుగా చీలి పోట్లాడుకుంది. ఆ గొడవలో రెండు పక్షాలవాళ్లూ పవిత్రత గురించే మాట్లాడారు. ఆ కుక్కకు దర్శనం కావాలా అన్నది ఎవరికీ పట్టలేదు. మొక్కుకున్నది మనం. పుణ్యం కావలసింది మనకు. సమదృష్టి అంటే కుక్కకు మన కోరికలు అంటగట్టడం అనుకుంటే అది గీతకు చాలా చవక వ్యాఖ్యానం. దానికేం కావాలో దాన్ని ఇవ్వడంలోనే సమత్వం ఉంది, ఈ వయసులో దానికి కావలసింది నీడ, నీళ్లు, తెలిసిన మనిషి వాసన.

పాతబస్తీలో పక్క గల్లీలో వినిపించే ఖురాన్‌లోనూ ఒక ప్రయాణపు కుక్క ఉంది. కహఫ్ అధ్యాయంలో విశ్వాసం కాపాడుకోవడానికి ఊరు విడిచి గుహలో తలదాచుకున్న యువకుల కథ వస్తుంది. వాళ్ల కుక్క గుమ్మం దగ్గర ముందు కాళ్లు చాపి పడుకుని ఉంటుంది. వాళ్ల సంఖ్య ఎంతో చెప్పే చోట కూడా కుక్కను కలిపే లెక్క వేస్తారు. ఇంట్లో కుక్కను ఉంచుకోవడానికి చాలామంది ముస్లింలు ఇష్టపడకపోవడానికి వాళ్ల మతపరమైన కారణాలు వాళ్లకున్నాయి, దాహంతో ఉన్న కుక్కకు బావి నీళ్లు తోడిపోసినవాడి పాపాలు క్షమించబడ్డాయని చెప్పేదీ ఆ సంప్రదాయమే. శౌచ నియమం వేరు, దయ వేరు. మన ఆచారంలోనూ ఈ రెండూ వేరువేరుగానే ఉన్నాయి. మనమే వాటిని కలిపేసి, గుళ్లోకి రానివ్వలేదు కనుక దయ లేదనో, కుక్క మైల కనుక దయ అక్కర్లేదనో తేల్చేస్తాం.

ఇంట్లో వదిలితే బెంగ పెట్టుకుని తిండి మానేస్తుందన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. హోమర్ ఒడిస్సీలో ఆర్గోస్ అనే వేటకుక్క ఉంది. యజమాని వెళ్లిన ఇరవయ్యేళ్లకు తిరిగి వచ్చేసరికి అది పేడకుప్ప మీద, గోమార్లతో పడి ఉంటుంది. అతన్ని గుర్తుపట్టి తోక ఆడించి చనిపోతుంది. ఆ ఇంట్లో మనుషులు లేక కాదు, ఇంటినిండా పనివాళ్లున్నారు. యజమాని కళ్లెదుట లేకపోతే వాళ్లు తమ పని చేయరని ఆ కథలోని పందుల కాపరే అంటాడు. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, పూటకోసారి పాలు పోయమని చెప్పి వెళ్లేవాళ్లు ఈ కథ గుర్తుంచుకోవాలి. అయితే కుక్క అనుబంధం మనిషితోనే కాదు, చోటుతో కూడా. చూపు మసకబారిన కుక్క ఇంటిని కళ్లతో చూడదు, వాసనతోనూ అలవాటుతోనూ చదువుకుంటుంది. నీళ్ల గిన్నె ఎక్కడో, గడప ఎంత ఎత్తో దానికి తెలుసు. తెలియని సత్రం గదిలో ఆ తెలివంతా ఒక్కసారిగా పనికిరాకుండా పోతుంది. ఇంట్లో ఉంచి, దానికి బాగా అలవాటైన ఒక మనిషి కూడా ఇంట్లో ఉంటే, రెండు అనుబంధాల్లో ఒకటిన్నర దక్కుతుంది. టెంపోలో సగం కూడా దక్కదు.

ఆ ఒక మనిషి ఎవరు? ఇక్కడే ధర్మం తరచుగా జారిపోతుంది. ఇంట్లో ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ ఆడమనిషే; అత్తగారో, కొత్త కోడలో, పెళ్లికాని ఆడపిల్లో. ఆమెకూ మొక్కు ఉంటుంది, ఆమెకూ ఏడాదికొకసారి వచ్చే ఆటవిడుపు అదే. కుక్క మీద ప్రేమతో ప్రయాణం మానుకున్నానని చెప్పుకునే కుటుంబం నిజానికి ఒక్క మనిషి చేత మానిపించి ఉంటుంది. ధర్మరాజు రథం ఎక్కనన్నాడు తప్ప, భీముణ్ణి కుక్క దగ్గర కాపలా పెట్టి తాను ఎక్కలేదు. కుక్కను తెచ్చుకోవాలని పట్టుబట్టినవాళ్లు ఎవరో ఆగాలి, లేకపోతే వంతులు వేసుకోవాలి. మొక్కును వాయిదా వేసుకోవడం ఏ దేవుడూ తప్పుపట్టని సంగతి. జాతాశౌచం వచ్చినా, మరణాశౌచం వచ్చినా, కోడలికి నెలలు నిండినా మనం వాయిదా వేసుకుంటూనే ఉన్నాం. కార్తీకంలో శ్రీశైల మల్లన్న అక్కడే ఉంటాడు.

మనుషులకే దిక్కులేని చోట కుక్క గురించి ఇంత చర్చా అన్న మాట కూడా వస్తుంది. ఛత్రినాకలో రెండు గదుల ఇంట్లో ఆరుగురు సర్దుకునే కుటుంబాలున్నాయి, మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకోవడమే గగనమైన ఇళ్లున్నాయి. ఈ కోపం న్యాయమైనదే. కానీ కుక్క మీద చూపిన శ్రద్ధ మనిషి వాటా నుంచి తీసి ఇచ్చిందని ఎక్కడా రుజువు లేదు. 18వ శతాబ్దపు జర్మన్ తత్త్వవేత్త కాంట్, జంతువులకు నేరుగా హక్కులున్నాయని నమ్మనివాడు, విద్యార్థులకు నీతిశాస్త్రం చెబుతూ ముసలి కుక్క ఉదాహరణే తెచ్చాడు. ఏళ్ల తరబడి సేవ చేసిన కుక్క ఇక పనికిరానప్పుడు చచ్చేదాకా పోషించాలని, దాన్ని కాల్చిపారేసేవాడు తనలోని మానవత్వాన్నే పాడు చేసుకుంటాడని అతని వాదన. నేను కాంట్‌తో సగమే ఏకీభవిస్తాను. మనుషులతో మంచిగా ఉండటానికి కుక్క మీద సాధన చేయమన్నట్టుంది ఆ మాట; నొప్పి కుక్కదైనప్పుడు లెక్క కూడా కుక్క పేరునే రాయాలి. ఈ విషయంలో మన చట్టం కాంట్‌ను దాటి వచ్చింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్, ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడాన్నీ, బాధ కలిగే తీరులో దాన్ని తరలించడాన్నీ రెండింటినీ నేరమే అంది. వదలడం, తీసుకెళ్లడం, రెండు తలుపుల దగ్గరా కాపలా పెట్టింది. మొదటిసారి నేరానికి జరిమానా మాత్రం పది నుంచి యాభై రూపాయలు. పాతబస్తీ మదీనా చౌరస్తా దగ్గర ఇద్దరు కూర్చుని ఇరానీ చాయ్ తాగినంత.

అయితే ఎప్పుడూ ఇల్లే మేలనుకోవడం కూడా సోమరితనమే. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాల రెండు రోజులూ ఈ వీధుల్లో డప్పులు, డీజేలు, పటాకులు ఆగవు. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి 45 వేల దాకా వింటుంది. వినికిడి ఇంకా మిగిలి ఉండి గుండె జబ్బున్న కుక్కను ఆ రెండు రోజులు ఏ మహేశ్వరం వైపో, షాద్‌నగర్ వైపో తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచడం నిజమైన దయ. అక్కడ ప్రయాణం దాని కోసం జరుగుతోంది. చలికాలంలో, తెల్లవారగానే బయల్దేరి, గుళ్లూ క్యూలూ లేని చోటికి, బండిలో కళ్లు తిరగని, చిన్నప్పటి నుంచి బండి అలవాటున్న కుక్కను తీసుకెళ్లడంలోనూ తప్పేం లేదు. ఇల్లు మారుతున్నప్పుడైతే తీసుకెళ్లాలా అన్న ప్రశ్నే రాకూడదు. పాత ఇంటి గేటు బయట ముసలి కుక్కను విడిచి మియాపూర్ అపార్ట్‌మెంటుకు వెళ్లిపోవడాన్ని ఏ పేరుతోనూ సమర్థించలేం.

కాబట్టి నా తీర్పు ఇది. గుండె, కిడ్నీ, ఊపిరి, కీళ్లలో ఏది దెబ్బతిన్న ముసలి కుక్కనైనా ఎండాకాలంలో తీర్థయాత్రకు తీసుకెళ్లకూడదు, దాన్ని తాళం వేసిన ఇంట్లోనూ వదలకూడదు. ఎవరో ఒకరు, ఈసారి ఆడవాళ్లు కాని ఎవరో ఒకరు, ఇంట్లో ఉండాలి, లేదంటే యాత్ర ఆగాలి. ఈ సెలవుల్లో బయల్దేరదామనుకునేవాళ్లు టెంపోకు బయానా ఇచ్చే ముందు ఒక పూట నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు కుక్కను తీసుకెళ్లి, దాని గుండె చప్పుడు విని చెప్పమని డాక్టర్‌ను అడగండి. ఆయన వద్దంటే బండి మాట్లాడకండి. కుక్క కోసం శ్రీశైలం మానుకున్నారట అని వాడకట్టులో నవ్వుతారు, నవ్వనివ్వండి.